వేరు పడక, ఒంటరి పడక

తెలుగులో 'పక్క' అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి దాపు, చెంత. రెండవది పడక. పక్క వేయడం, పక్క దులపడం, పక్క ఎత్తడం, పసివాడు పక్క తడపడం - ఇవన్నీ రెండవ అర్థంలోనివి. ఈ రెండూ ఒకే మాటలో ఇమడడం కాకతాళీయమే కావచ్చు. అయినా మన ఇళ్ళలో పసిపిల్లల నిద్రను గురించి ఇంత క్లుప్తంగా చెప్పిన మాట మరొకటి నాకు కనబడలేదు. పిల్లల పక్క అంటే ఎవరో ఒకరి పక్క.

మన కావ్యాలలో పడకటిల్లు ఉంది, అది దంపతులది. ఉర్దూలో ఖ్వాబ్‌గాహ్ ఉంది, అది పాదుషాలది. పసివాళ్ళకున్నవి అమ్మ ఒడి, తొట్టెల, ఆపైన పెద్దవాళ్ళ పక్క. తెలంగాణలో బిడ్డను ఉయ్యాలలో వేసే వేడుకకు 'తొట్టెల' అన్న పేరే స్థిరపడింది. బోనాల పండుగకు రంగుకాగితాలతో, వెదురుపుల్లలతో కట్టి అమ్మవారికి సమర్పించేవీ తొట్టెలే. ఇన్ని మాటలున్నా, తొట్టెల దిగిన బిడ్డకు తనదంటూ ఒక గదిని సూచించే పాతమాట మాత్రం లేదు. 'పిల్లల గది' అన్న పదబంధం ఇళ్ళు కట్టి అమ్మేవారి ప్రకటనలతో బాటే మనకు అలవాటయింది.

మాట కొత్తదైనా సమస్య మాత్రం ఇంటింటా ఉంది. నాలుగైదేళ్ళ బిడ్డకు తన గదిలో తాను నిద్రపోవడం ఎలా అలవాటు చేయాలి? ఈ ప్రశ్నకు మన చుట్టూ రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి. మన పెద్దలు పసివాళ్ళనెన్నడూ దూరంగా పడుకోబెట్టలేదు, ఇది పరాయి దేశపు కాఠిన్యం అంటారు కొందరు. స్వతంత్రంగా బ్రతకడం చిన్నప్పటినుంచే నేర్పాలి, పక్కన పడుకోబెట్టుకోవడం మన పాత బలహీనత అంటారు మరికొందరు. ఇరువురూ గతాన్నే సాక్ష్యానికి పిలుస్తున్నారు గనుక ఆ సాక్షిని కొంచెం నెమ్మదిగా విచారించాలనిపించింది. ఇందుకు నేను హైదరాబాదు పాతబస్తీని ఎంచుకున్నాను. అక్కడ తెలుగు ఇల్లూ, దక్కనీ ఉర్దూ ఇల్లూ గోడకు గోడ ఆనించుకుని, దాదాపు ఒకే నమూనాలో పెరిగాయి. పైగా మా అత్తవారిది శాలిబండ.

ముందు ఇల్లు చూద్దాం. చార్మినారుకు దక్షిణంగా శాలిబండ, అలియాబాదు దాకా, పడమరగా హుస్సేనీ ఆలం దాకా పాత ఇళ్ళ పొందిక ఒకటే. వీధికి ఎత్తయిన గోడ, ఒక దర్వాజా. దర్వాజా దాటి ఒక మలుపు తిరిగితే ఆకాశం కనబడే ముంగిలి. దానినే ఉర్దూ ఇళ్ళలో సెహన్ అంటారు. ముంగిలి చుట్టూ స్తంభాల వసారా, అది దాలాన్. దాలాన్ వెనుక గదులు. నవాబుల దేవిడీలలో ఇదే నమూనా మర్దానా, జనానా అని రెండుగా పెరిగింది. సామాన్యుల ఇళ్ళలో ఒక్క ముంగిలితో సరిపెట్టుకుంది. తెలుగువారి ఇంట ముంగిట తులసికోట ఉంటుంది, వీధివైపు కూర్చునేందుకు అరుగు ఉంటుంది. తేడా అంతే.

ఆ గదులలో ఏముండేది? సందుగలు, ధాన్యం, పండుగలకు తీసే ఇత్తడి సామాను, పరుపులు, బొంతలు. గది ప్రధానంగా వస్తువులది. మనుషులు దాలాన్‌లో, ముంగిట్లో బ్రతికారు. పడక ఒకచోట పాతుకుపోయిన వస్తువు కాదు. నవారు మంచాలూ, నులక మంచాలూ ఎండాకాలం ముంగిట్లోకో మిద్దె మీదికో ఎక్కేవి. వాన మొదలయితే దాలాన్‌లోకి, చలికాలం లోపలికి వచ్చేవి. తెల్లవారితే బొంతలు చుట్టలయి మూలకు చేరేవి. రాత్రి పడుకున్న చోటే పగలు అన్నాలు తినేవారు. ఇటువంటి ఇంట్లో తండ్రికి కూడా 'నా గది' అనేది ఉండేది కాదు. పిల్లలకు మాత్రమే గదిని నిరాకరించారని గాని, ప్రేమతో వద్దనుకున్నారని గాని అనడానికి ఆధారం లేదు.

ఈ వాస్తులో నిద్రకు సంబంధించిన రహస్యం ఒకటుంది. ఏ మనిషీ రాత్రంతా ఏకబిగిన నిద్రపోడు. నిద్ర విడతలు విడతలుగా సాగుతుంది. విడతకూ విడతకూ నడుమ క్షణకాలం మెలకువ వస్తుంది. పెద్దవాళ్ళకు అది తెల్లవారేసరికి గుర్తుండదు. పసివాళ్ళు ఆ క్షణంలో చుట్టూ వెదుకుతారు. నిద్రపోయేటప్పుడు ఏది ఉందో అది ఉన్నదా అని చూస్తారు. ఉంటే మళ్ళీ కళ్ళు మూస్తారు. లేకపోతే పూర్తిగా మేలుకుని ఏడుస్తారు. దాలాన్‌లో పడుకున్న పిల్లవాడికి ఆ క్షణాన పక్కనెవరో గురక పెట్టడం వినబడేది. అటువైపు తాతగారి దగ్గు, వీధిలో పహరావాడి కర్ర చప్పుడు, తెల్లవారుజామున మసీదునుంచి అజాన్ వినబడేవి. నిద్రపోయేముందు ఉన్న లోకం అలాగే ఉందని చెవులే సాక్ష్యం చెప్పేవి. అమ్మ చెయ్యి ఆనకపోయినా ఫరవాలేదు. సిమెంటు గోడ, మూసిన తలుపు, ఫ్యాను హోరు ఆ సాక్ష్యాన్నంతటినీ ఒక్కసారిగా తీసివేస్తాయి. మన పిల్లలకు వచ్చే భయంలో సగం ఈ నిశ్శబ్దానిదే.

ఇక ఎవరి పక్కన ఎవరు? తమ్ముడో చెల్లెలో పుట్టగానే పెద్దబిడ్డ అమ్మ పక్కనుంచి నాయనమ్మ పక్కకు మారేది. తెలుగు ఇంటా ఇది మామూలే, దాదీమా ఉన్న ఇంటా మామూలే. కలవారి జనానాలలో బిడ్డకు పాలిచ్చి పెంచే 'అన్నా' ఉండేది. చాలామంది నవాబు బిడ్డలు కన్నతల్లి పక్కకంటె అన్నా పక్కలోనే ఎక్కువ రాత్రులు గడిపారు. మరికొంత ఎదిగాక అక్కాచెల్లెళ్ళ వరుస, అన్నదమ్ముల వరుస వేరయ్యేవి. ముస్లిం కుటుంబాలలో దీనికి ధర్మశాస్త్రపు ఆధారమూ ఉంది. పదేళ్ళు వచ్చేసరికి పిల్లల పడకలు వేరు చేయమని అబూ దావూద్ సంకలనంలోని ఒక హదీసు చెబుతుంది. అక్కడ చెప్పింది పడకలు వేరు చేయమని. గదులు వేరు చేయమని గాని, ఒంటరిగా ఉంచమని గాని చెప్పలేదు.

ఇక్కడే నా ప్రధానమైన మాట చెప్పేస్తాను. 'వేరుగా' పడుకోవడం, 'ఒంటరిగా' పడుకోవడం - ఈ రెండూ ఒకటి కావు. పాత ఇళ్ళు పిల్లలను తల్లినుంచి వేరు చేశాయి; మనం ఊహించుకునేదానికంటె ముందే, కొన్నిసార్లు రెండేళ్ళకే చేశాయి. అయితే ఒంటరిని చేయలేదు. అమ్మ పక్కకూ సొంత పడకకూ నడుమ ఒక మెట్టు ఉండేది. ఆ మెట్టు పేరు నాయనమ్మ.

హైదరాబాదులో సొంత గది సమకూర్చగలిగిన బిడ్డ ఎవరైనా ఉంటే అది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1866లో పుట్టాడు. 1869లో తండ్రి అఫ్జలుద్దౌలా మరణించేనాటికి రెండున్నరేళ్ళవాడు. ఆ వయసులోనే గద్దె ఎక్కాడు. మొదటి సాలార్‌జంగూ, అమీరె కబీరూ రాజప్రతినిధులుగా రాజ్యం నడిపారు. తరువాతి కాలంలో ఆయన నివసించిన పురానీ హవేలీలో ఆయన దుస్తుల కోసం పొడవాటి హాలు నిండా రెండంతస్తుల చెక్క బీరువాలు నేటికీ ఉన్నాయి. బట్టలకు అంత విడిది ఇచ్చిన సంస్కృతి పసి నిజామును ఒంటరిగా ఉంచడం మాట అటుంచి, క్షణమైనా మనుషుల చూపు తప్పనివ్వలేదు. జనానాలో పెరిగిన రాకుమారులు సుకుమారులయిపోతారన్నది ఆనాటి ఆంగ్లాధికారుల సాధారణాభిప్రాయం. అందుకే బాల నిజాముకు ఆంగ్ల గురువు వచ్చాడు. ఇతర సంస్థానాల కుమారుల కోసం 1870లలో రాజకోటలోనూ, అజ్మీరులోనూ కళాశాలలు లేచాయి. హైదరాబాదులో 1923లో బేగంపేటలో జాగీర్దారుల పిల్లలకు వసతితో కూడిన విద్యాలయం వెలిసింది. నేటి హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అదే. తల్లి పక్క విడిపించాలన్న ఆంగ్లేయుల పట్టుదల చివరకు బిడ్డను చేర్చింది వరుసగా మంచాలు వేసిన వసతిగృహంలోకి! అక్కడా ఒంటరితనం లేదు. దాలానే మరో రూపంలో ఎదురయింది.

గదులూ కిటికీలూ ఈ నగరంలో చర్చకు రావడానికి అసలు కారణం పిల్లల స్వాతంత్ర్యం కాదు, మృత్యువు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. 1911లో ప్లేగు వచ్చింది. 1912లో నగర అభివృద్ధి మండలి ఏర్పడింది. ఇరుకు బస్తీలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, మురుగు కాలువలు తవ్వించి, నిర్వాసితులకు గాలీ వెలుతురూ వచ్చే ఇళ్ళు కట్టించింది. ఒకే గదిలో పదిమంది ఊపిరి పీల్చడం ప్రమాదమన్న ఆలోచన ఆ రోజుల్లో బలపడింది. కాబట్టి విడి గది మన నగరానికి ముందుగా ఆరోగ్యశాస్త్రం చెయ్యి పట్టుకుని వచ్చింది. బిడ్డ వ్యక్తిత్వ వికాసమన్న మాట దానికి చాలా తరువాత జతపడింది.

పడమటి దేశాలలోనూ కథ మనం అనుకున్నంత పాతది కాదు. పంతొమ్మిదవ శతాబ్దంలో కూడా అక్కడి సామాన్యుల ఇళ్ళలో పిల్లలు ఒకే మంచం మీద నలుగురేసి పడుకున్నారు. అమెరికాలో ఎమ్మెట్ హోల్ట్ 1894లో ప్రచురించిన శిశుపోషణ గ్రంథంతో వేళ ప్రకారం పాలు, వేళ ప్రకారం నిద్ర అన్న పద్ధతి ఇల్లిల్లూ చేరింది. 1928లో జాన్ వాట్సన్ మరింత ముందుకు వెళ్ళి, పిల్లలను ముద్దు చేయడమే తగదన్నాడు. 1946లో బెంజమిన్ స్పాక్ తల్లులకు మీ మనసును నమ్మండని ధైర్యం చెప్పాడు గానీ, పక్కలో పడుకోబెట్టుకోవడాన్ని ఆయనా ఒప్పుకోలేదు. 1985లో రిచర్డ్ ఫెర్బర్ ఏడ్చే బిడ్డ దగ్గరకు వెళ్ళే వ్యవధిని క్రమంగా పెంచుకుంటూ పోయే పద్ధతిని ప్రచారం చేశాడు. ఆయనే 2006 నాటి కొత్త ముద్రణలో కలిసి పడుకోవడంపట్ల తన స్వరాన్ని మెత్తబరిచాడు. ఒక నూరేళ్ళ వ్యవధిలో ఇన్ని మలుపులు తిరిగిన అలవాటును సనాతనమనీ, శాస్త్రీయమనీ గుడ్డిగా నమ్మనవసరం లేదు.

తూర్పున జపాను వారు అమ్మానాన్నల నడుమ పడుకున్న బిడ్డను 'నది' అన్న అర్థమిచ్చే అక్షరంతో పోలుస్తారు. మూడు నిలువు గీతల్లో నడిమిది బిడ్డ. ఆ దేశపు పడకల మీద కాడిల్, ప్లాత్ అనే పరిశోధకులు 1966లో ఒక ప్రసిద్ధమైన వ్యాసం రాశారు. మనకు మరింత దగ్గరి ఉదాహరణ భువనేశ్వర్. రిచర్డ్ ష్వెడర్, ఆయన సహచరులు 1995లో ప్రకటించిన అధ్యయనంలో ఒడియా వారినీ, షికాగో వారినీ ఒకే ప్రశ్న అడిగారు: ఒక కుటుంబాన్ని ఇన్ని గదులలో ఎలా పడుకోబెడతారు? ఎదిగిన ఆడ, మగ పిల్లలు వేరుగా ఉండాలన్న దానిలో ఇరువురూ ఏకీభవించారు. ఆపైన దారులు చీలాయి. దంపతుల ఏకాంతం చెడకూడదన్నది షికాగో వారికి ముఖ్యం. బలహీనులను రాత్రివేళ ఒంటరిగా విడవకూడదన్నది ఒడియా వారికి ముఖ్యం. రెండు పక్షాలవారూ మంచితనంతోనే జవాబిచ్చారు. వారు దేనిని ముందు కాపాడదలచుకున్నారన్న దగ్గరే తేడా.

పాతబస్తీలో ఆ దాలాన్లు ఇప్పుడు కొద్ది. 1949లో జాగీర్దారీ రద్దయ్యాక దేవిడీలను పోషించే ఆదాయం పోయింది. వారసుల నడుమ పంపకాలు జరిగాయి. ముంగిళ్ళు ముక్కలయి, ఒక్కో ముక్క మీద మూడంతస్తులూ నాలుగంతస్తులూ లేచాయి. కింద నాయనమ్మ, పైన కొడుకు, ఆపైన మరో కొడుకు. కుటుంబం ఒకే చోట ఉన్నట్టే ఉంటుంది గానీ, రాత్రివేళ ఒకరి దగ్గు మరొకరికి వినబడదు. ఊరు విడిచి ఫ్లాట్లకు చేరిన మా బోటి వారి సంగతి చెప్పనే అక్కరలేదు.

మా అమ్మాయికి అయిదేళ్ళు వచ్చినపుడు తన గది సిద్ధం చేశాము. శాలిబండలో పుట్టి పెరిగిన మా అత్తగారు ఆ రాత్రి, "గింత పోరిని ఒక్కదాన్నే పండవెడ్తవా బిడ్డా?" అని నన్ను అడిగారు. ఆ ప్రశ్నలో నింద కంటె బాధ ఎక్కువుంది. మీరు చిన్నప్పుడు ఎవరి పక్కన పడుకునేవారని నేను అడిగాను. "తమ్ముడు పుట్టినంక మా నాయనమ్మ పక్కనే" అన్నారు. అప్పటికి ఆమెకు మూడేళ్ళు కూడా నిండలేదట! తల్లినుంచి వేరయిన సంగతే ఆమెకు వేరుపాటుగా గుర్తులేదు. నాయనమ్మ నూలుచీర వాసన మాత్రం గుర్తుంది. మా ఇంట్లో తగవు అక్కడితో తీరింది. చేయవలసిన పని కూడా అక్కడే దొరికింది.

అత్తగారి పరుపు అమ్మాయి గదిలో నేల మీద వేశాము. తొలి వారం మంచానికి ఆనుకుని, చెయ్యి అందేట్టు. మలి వారం చెయ్యి అందనంత ఎడంగా. తరువాత గోడవారకు, ఆపైన గడప దగ్గరకు, చివరకు గడప అవతల హాలులో దివాను మీదికి. తలుపు ఎన్నడూ మూయలేదు. రోజూ ఒకే వేళకు స్నానం, ఒక కథ, చిన్న దీపం. మధ్యలో లేచి వస్తే మందలింపూ లేదు, బేరమూ లేదు. చెయ్యి పట్టుకుని తిరిగి పడుకోబెట్టడమే. నడుమ జ్వరం వచ్చి నాలుగు రాత్రులు మళ్ళీ మొదటికి వెళ్ళాము. మొత్తం ఏడు వారాలు పట్టింది. దీపం తగ్గించాక అత్తగారు హాలులోంచి ఒకటి రెండుసార్లు దగ్గుతారు. అది నిజమైన దగ్గు కాదని నాకూ తెలుసు, అమ్మాయికీ తెలుసు.

నిద్ర వైద్యులు ఇలా పెద్దవారు క్రమంగా ఎడమయ్యే పద్ధతిని వేరే పేర్లతో సూచిస్తూనే ఉన్నారు. మెల్‌బోర్న్‌లో ఏడు నెలల వయసులో నిద్ర సమస్యలున్న 326 మంది శిశువుల మీద అటువంటి పద్ధతులను పరీక్షించి, వారిని ఆరేళ్ళ వయసు వరకూ గమనించి, 2012లో ఫలితాలు ప్రకటించారు. పద్ధతులు పాటించిన వారికీ పాటించని వారికీ ఆరేళ్ళ నాటికి మనసులో గాని, నడవడిలో గాని, తల్లితో అనుబంధంలో గాని తేడా కనబడలేదు. హాని లేదు, శాశ్వతమైన లాభమూ లేదు. నేర్పిన వారు కఠినులు కారు, నేర్పని వారు బలహీనులూ కారు. పసికందుల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త ఉంది. ఆరు నెలల వరకైనా బిడ్డ తల్లిదండ్రుల గదిలోనే, అయితే వేరే పడకలో పడుకోవాలని అమెరికా శిశువైద్యుల సంఘం 2022లో మళ్ళీ చెప్పింది. ఒకే గది, వేరే పడక! మన దూలానికి వేలాడిన తొట్టెల అదే కదా.

మరొక్క సంగతి. దక్కన్‌లో సూఫీ సాధువులు స్త్రీల కోసం పాటలు కట్టారు. తిరగలి విసరుతూ పాడుకునేవి చక్కీనామాలు, రాట్నం వడుకుతూ పాడుకునేవి చర్ఖానామాలు, బిడ్డను నిద్రపుచ్చుతూ పాడుకునేవి లోరీనామాలు. బిజాపూరు సూఫీల మీద రిచర్డ్ ఈటన్ 1978లో ప్రచురించిన గ్రంథంలో వీటి ప్రస్తావన ఉంది. మన వైపు అన్నమయ్య జోలపాటలు అందరూ ఎరిగినవే. రెండు సంప్రదాయాలూ నిద్రపుచ్చడానికి గొంతునే నమ్ముకున్నాయి. గొంతుకు ఒక సుగుణముంది: అది గది దాటి రాగలదు. చెయ్యి అందని దూరానికి కూడా అందుతుంది.

గతం మనకు చెప్పే తీర్పు ఇంతేనని నాకు తోస్తుంది. బిడ్డకు గది ఇవ్వడం తప్పేమీ కాదు, ఇవ్వకపోవడమూ తప్పు కాదు. మన పాత ఇళ్ళు దశలవారీగా చేసిన పనిని ఒక్క రాత్రిలో ఒక్క తలుపు మూసి చేయబోవడమే చిక్కు. నాయనమ్మ లేని ఇంట ఆ మెట్టు తల్లి కావచ్చు, తండ్రి కావచ్చు, తెరిచి ఉంచిన తలుపూ హాలులోంచి వినవచ్చే మాటలూ కావచ్చు. మెట్టు మాత్రం ఉండాలి.

పాతబస్తీ ఇళ్ళ గోడలు ఒక్కొక్కటే పోతున్నాయి. ఎవరి పక్కన ఎవరు పడుకునేవారన్నది ఏ దస్తావేజులోనూ ఉండదు. అది జ్ఞాపకాలలో మాత్రమే మిగిలే చరిత్ర. మీరు అమ్మ పక్కనుంచి ఎవరి పక్కకు మారారో, ఎన్నేళ్ళకో, అప్పుడు చెవిన పడిన చప్పుళ్ళేమిటో గుర్తుంటే రాయండి. చదువుకోవాలని ఉంది.